వినోద యంత్రాల భద్రత: ప్రభుత్వ బాధ్యత

జాతరల్లో, తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో, వినోద పార్కుల్లో జనాన్ని ఎక్కించుకుని తిప్పే, ఊపే, పైకెత్తి దించే యంత్రాలను వాడుకలో రైడ్లు అంటారు. రంగులరాట్నం, జెయింట్ వీల్, కొలంబస్ పడవ, బ్రేక్ డాన్స్, రోలర్ కోస్టర్, డ్రాప్ టవర్, నీటి జారుడుబల్ల, గాలి నింపిన పిల్లల కోట అన్నీ ఈ కోవలోవే. వీటిని ఎవరు తనిఖీ చేయాలి, ఎవరు ఆపించాలి, ప్రాణం పోతే ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలకు ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. బ్రిటన్‌లో ఇది పనిస్థలాల భద్రతా సంస్థ బాధ్యత. జర్మనీలో భవన నిర్మాణ అధికారులది. అమెరికాలోని ఒహాయో, ఫ్లోరిడా రాష్ట్రాల్లో వ్యవసాయ శాఖది. భారతదేశంలో చాలావరకు పోలీసు అనుమతి వ్యవహారం. అనుమతి ఇవ్వడం ఒక పని, యంత్రాన్ని పరీక్షించడం మరొక పని. ఈ రెండూ ఒకటేనని అనుకున్న చోటల్లా ప్రాణాలు పోయాయి.

ప్రయాణికుడికి కనిపించని లోపం

టిక్కెట్టు కొన్నవాడికి యంత్రం మంచిచెడ్డలు తెలిసే దారి లేదు. హోటల్లో ఇడ్లీ పాచిపోతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. జెయింట్ వీల్ తొట్టెను పట్టి ఉంచిన పిన్ను అరిగిందో లేదో పైకి వెళ్లాక కూడా తెలియదు. నడిపే కుర్రాడికి సైతం తెలియకపోవచ్చు. ప్రభుత్వ జోక్యానికి మొదటి కారణం ఇదే.

ఇనుము ఒక్కసారిగా విరగదు. రైడు తిరిగిన ప్రతిసారీ దాని చేతులు, ఇరుసులు కొద్దిగా వంగి మళ్లీ నిటారవుతాయి. ఇలా లక్షలసార్లు జరిగాక వెల్డింగ్ అంచునో బోల్టు రంధ్రం పక్కనో వెంట్రుక మందాన పగులు పుడుతుంది. దాన్నే లోహపు అలసట అంటారు. పైన కొత్త రంగు వేస్తే ఆ పగులు కంటికి ఆనదు. 2007 మే 5న జపాన్‌లో ఒసాకా సమీపంలోని ఎక్స్‌పోలాండ్ పార్కులో రోలర్ కోస్టర్ బోగీ ఇరుసు నడుస్తుండగానే విరిగి ఒక యువతి చనిపోయింది. పదిమందికి పైగా గాయపడ్డారు. 1992లో మొదలైన ఆ కోస్టర్‌కు పదిహేనేళ్లలో ఒక్కసారైనా ఆ ఇరుసు మార్చలేదని దర్యాప్తులో తేలింది. ఇరుసులను విప్పి చూడాల్సిన వార్షిక పరీక్షను కూడా ఆ ఏడాది వాయిదా వేశారు.

2017 జూలై 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్ర సంతలో జరిగింది ఇంకా బాధాకరం. సంత ప్రారంభమైన రోజే ఫైర్ బాల్ అనే ఊగుడు రైడులో ఒక సీట్ల వరుస గాల్లో ఊడిపోయింది. పద్దెనిమిదేళ్ల యువకుడు చనిపోయాడు. అదే రోజు అధికారులు ఆ రైడును చూసి నడపవచ్చని సంతకం పెట్టారు. సీట్లను మోసే దూలం లోపలి గోడలు ఏళ్ల తరబడి తుప్పు పట్టి పలచబడ్డాయని తయారీదారైన డచ్ కంపెనీ కేఎంజీ తర్వాత ప్రకటించింది. గొట్టం లోపలి తుప్పును బయటి నుంచి చూసే కన్ను ఎలా పట్టుకుంటుంది? అందుకు వస్తువును విరగగొట్టకుండా లోపలి లోపాన్ని పసిగట్టే పరీక్షలు కావాలి. పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవం, అయస్కాంత పొడి, లోహపు మందాన్ని కొలిచే అల్ట్రాసౌండ్ ఇలాంటివే. ఇవి తెలిసిన ఇంజనీరు కావాలి, యంత్రాన్ని కనీసం ఒక పూట ఆపాలి. తనిఖీ అన్న ఒకే మాటకు కంటితో చూడటం దగ్గర నుంచి అల్ట్రాసౌండ్ దాకా ఎన్నో మెట్లున్నాయి. చట్టం ఏ మెట్టు దాకా ఎక్కమంటుందన్నదే అసలు ప్రశ్న.

ఊరూరా తిరిగే రైడులో ఇంకో ప్రమాదం ఉంది. దాన్ని విప్పి లారీల్లోకి ఎక్కించి, మరో ఊళ్లో రాత్రికి రాత్రి మళ్లీ బిగిస్తారు. ఒక లాక్ పిన్ను పెట్టడం మరిచినా, కాళ్ల కింద చెక్కదిమ్మలు సమంగా పేర్చకపోయినా, మెత్తటి నేల వానకు కుంగినా, నిన్నటి ఊళ్లో చక్కగా నడిచిన యంత్రమే ఈ ఊళ్లో మనుషుల మీద పడుతుంది. కాబట్టి ఏడాదికొకసారి ఇచ్చే సర్టిఫికెట్ దీనికి చాలదు. దిగిన ప్రతి ఊళ్లోనూ కొత్తగా చూడాలి.

ప్రమాదకరమని తెలిసిన యంత్రాల మీద నిఘా పెట్టడం ప్రభుత్వాలకు కొత్త కాదు. భారతదేశంలో ఆవిరి బాయిలర్లకు 1923లోనే కేంద్ర చట్టం వచ్చి, బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అనే ఉద్యోగాన్ని స్థిరపరిచింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్ఖానాలోని లిఫ్టును ఆరునెలలకొకసారైనా అర్హుడైన నిపుణుడు క్షుణ్ణంగా పరీక్షించాలని శాసించింది. కార్ఖానా లిఫ్టుకు దక్కిన ఈ శ్రద్ధ, పిల్లలను అంతకన్నా ఎత్తుకు లేపే జెయింట్ వీల్‌కు దేశమంతటికీ వర్తించే చట్టంగా రాలేదు.

బ్రిటన్: బాధ్యత యజమానిది, నిఘా సర్కారుది

1972 మే 30న లండన్‌లోని బాటర్సీ పార్కులో బిగ్ డిప్పర్ అనే చెక్క రోలర్ కోస్టర్‌ను పైకి లాగే తాడు నుంచి బోగీలు విడిపోయి వెనక్కి జారాయి. వెనక్కి జారకుండా ఆపాల్సిన ఏర్పాటు కూడా పని చేయలేదు. అయిదుగురు పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత రెండేళ్లకు వచ్చిన 1974 నాటి ఆరోగ్య, భద్రతా చట్టం బ్రిటన్ విధానానికి వెన్నెముక అయింది. ఆ చట్టం రైడ్ల కోసమని పుట్టలేదు, పనిస్థలాలన్నిటి కోసం పుట్టింది. అయితే దాని మూడో సెక్షన్ ప్రకారం యజమాని తన దగ్గర పనిచేసేవారినే కాక, తన వ్యాపారం వల్ల ప్రమాదానికి లోనయ్యే బయటివారిని కూడా కాపాడాలి. టిక్కెట్టు కొని రైడెక్కిన పిల్లవాడు అలా చట్టం నీడలోకి వచ్చాడు.

అక్కడ ప్రభుత్వ ఇంజనీర్లు ప్రతి రైడునూ తిరిగి చూడరు. 1997 నుంచి నడుస్తున్న ఆడిప్స్ అనే పథకం కింద, ఆ రైడుతో లాభనష్టాల సంబంధం లేని నమోదిత తనిఖీ సంస్థలు ఏటా యంత్రాన్ని పరీక్షించి పత్రం ఇస్తాయి. పథకాన్ని నడిపేది పరిశ్రమే. నిర్వాహకులు ఎలా నడుచుకోవాలో ఆరోగ్య, భద్రతా సంస్థ మార్గదర్శక గ్రంథం వేసి చెప్పింది. తప్పు జరిగితే కోర్టుకు ఈడ్చేది ఆ సంస్థే. 2015 జూన్ 2న ఆల్టన్ టవర్స్ పార్కులో స్మైలర్ కోస్టర్ రైలు, పట్టాల మీద ఆగి ఉన్న ఖాళీ రైలును ఢీకొంది. ముందు రైలు ఉందని కంప్యూటర్ ఆపిన బండిని, అక్కడ ఏమీ లేదనుకుని సిబ్బంది బలవంతంగా వదిలారు. ఇద్దరు యువతులు కాళ్లు పోగొట్టుకున్నారు. 2016లో నిర్వాహక కంపెనీకి కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఇనుమూ కంప్యూటరూ సరిగానే పనిచేసినా, వాటి మాటను కాదనే అధికారం సిబ్బందికి ఏ పద్ధతిలో ఇచ్చారన్నది చూడకపోతే తనిఖీ సగమే అవుతుందని ఈ కేసు తేల్చింది.

పరిశ్రమే తన తనిఖీ పథకాన్ని నడుపుకోవడం మీద విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజముంది. అయినా ప్రమాదం జరిగిన మర్నాడు లోపలికి వచ్చి, యంత్రాన్ని ఆపించి, సాక్ష్యం సేకరించి, శిక్ష పడేదాకా వెంటాడే ఒకే సంస్థ ఉండటం బ్రిటన్ బలం. ఎవరిని అడగాలో అక్కడి తల్లిదండ్రులకు తెలుసు.

జర్మనీ: యంత్రం వెంట నడిచే పుస్తకం

ఊరూరా తిరిగే రైడ్ల విషయంలో జర్మనీ పద్ధతి అన్నిటికన్నా తేటగా ఉంటుంది. అక్కడి చట్టం వాటిని విప్పి కట్టగల తాత్కాలిక కట్టడాలుగా లెక్కించి భవన నిబంధనల కిందికి తెచ్చింది. రైడుకు మొదట నిర్ణీత కాలానికి అనుమతి ఇస్తారు. గడువు తీరేసరికి మళ్లీ పరీక్షలు తప్పవు. డిజైన్ లెక్కలు, డ్రాయింగులు, గత పరీక్షల ఫలితాలు అన్నీ ఉన్న ఒక పుస్తకం యంత్రంతో పాటే ప్రయాణిస్తుంది. కొత్త ఊళ్లో నడిపే ముందు యజమాని స్థానిక భవన అధికారికి తెలపాలి. ఆయన వచ్చి పుస్తకం చూసి, బిగింపు చూసి, నడపవచ్చని అందులోనే రాస్తాడు. సాంకేతిక పరీక్షలను టీయూవీ వంటి స్వతంత్ర సంస్థలు చేస్తాయి. మ్యూనిక్ అక్టోబర్ ఉత్సవంలోని చక్రాలూ కోస్టర్లూ ఈ పద్ధతిలోనే తిరుగుతాయి.

ఈ పుస్తకం ఖరీదైన వస్తువు కాదు. యంత్రం వయసెంత, ఏ భాగం ఎప్పుడు మార్చారు, ఎక్కడ వెల్డింగ్ చేశారు అన్నది రైడును ఎన్నడూ చూడని అధికారికి కూడా పది నిమిషాల్లో తెలుస్తుంది. చేతులు మారిన పాత రైడ్లు ఎక్కువగా తిరిగే దేశాలకు ఇంతకన్నా పనికొచ్చే ఏర్పాటు లేదు.

అమెరికా: పార్కు గోడ దగ్గర ఆగిన కేంద్రం

అమెరికాలో 1972 చట్టంతో వినియోగదారుల వస్తు భద్రతా కమిషన్ ఏర్పడింది. రైడ్లు తమ పరిధిలోకే వస్తాయని ఆ కమిషన్ వాదించింది, పెద్ద పార్కులు ఒప్పుకోలేదు. 1981లో అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, ఒకచోట శాశ్వతంగా బిగించిన రైడ్లను కమిషన్ పరిధి నుంచి తప్పించింది. ఆనాటి నుంచి ఊరూరా తిరిగే సంత రైడ్ల మీదే కేంద్రానికి అధికారం. అన్నిటికన్నా ఎత్తైన, వేగమైన యంత్రాలుండే శాశ్వత పార్కులు రాష్ట్రాలకు మిగిలాయి. ఈ కంతను పూడ్చాలని మసాచుసెట్స్ ప్రతినిధి ఎడ్ మార్కీ పదేపదే బిల్లులు తెచ్చారు. అవి చట్టం కాలేదు.

రాష్ట్రాల మధ్య తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. న్యూజెర్సీ వంటివి సొంత ఇంజనీర్లతో కఠినంగా చూస్తాయి. కొన్ని రాష్ట్రాలు అంతా బీమా కంపెనీల తనిఖీకే వదిలేశాయి. ఫ్లోరిడాలో వ్యవసాయ శాఖ తనిఖీ చేస్తుంది గానీ, వెయ్యి మందికి మించి ఉద్యోగులుండి సొంత తనిఖీదారులున్న పార్కులకు మినహాయింపు ఉంది. వ్యవసాయ శాఖ పేరు చూసి ఆశ్చర్యపడనక్కర్లేదు. అమెరికా సంతలు పశువుల, పంటల ప్రదర్శనలుగా మొదలయ్యాయి, వాటి పక్కన వచ్చిన రంగులరాట్నం కూడా అదే శాఖ కిందికి చేరింది.

ఈ వ్యవస్థ ఎంత దూరం జారగలదో కాన్సస్ రాష్ట్రం చూపింది. 2014లో కాన్సస్ సిటీలోని ష్లిట్టర్‌బాన్ పార్కులో వెరుక్ట్ అనే నీటి జారుడుబల్ల తెరిచారు. ఎత్తు 168 అడుగులు దాటింది, ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని గిన్నిస్ గుర్తించింది. దాన్ని రూపొందించడానికి నాయకత్వం వహించినవారికి ఇంజనీరింగ్ పట్టాలు లేవు. ఆనాటి రాష్ట్ర చట్టం ప్రకారం పార్కు తన తనిఖీలు తానే చేయించుకోవచ్చు. 2016 ఆగస్టు 7న పార్కు ప్రజాప్రతినిధులను కుటుంబాలతో సహా ఉచితంగా ఆహ్వానించింది. ఆ రోజే ఒక శాసనసభ్యుడి పదేళ్ల కొడుకు ఎక్కిన తెప్ప రెండో గుట్ట దగ్గర గాల్లోకి లేచింది. బాలుడు పైనున్న ఇనుప కమ్మీకి తగిలి చనిపోయాడు. 2017లో అదే శాసనసభ తనిఖీ చట్టాన్ని కట్టుదిట్టం చేసింది. శాసనకర్తల ఇంటి తలుపు తట్టేదాకా ఆ చట్టం కదలలేదు. ఈ మాట చెప్పడం కష్టమే, కానీ వాస్తవం. యజమానుల మీద పెట్టిన క్రిమినల్ కేసులను 2019లో కోర్టు కొట్టేసింది, జారుడుబల్లను అంతకుముందే కూల్చేశారు.

2022 మార్చి 24న ఫ్లోరిడాలోని ఓర్లాండోలో 430 అడుగుల డ్రాప్ టవర్ నుంచి పద్నాలుగేళ్ల బాలుడు జారి పడిపోయాడు. సీటు పట్టీకీ సీటుకీ మధ్య ఖాళీ మామూలుకన్నా ఎక్కువ ఉన్నా రైడు కదిలేలా సెన్సర్‌ను చేత్తో సర్దారని రాష్ట్రం వేయించిన విచారణలో బయటపడింది. భారీకాయులను కూడా ఎక్కించుకోవడానికి చేసిన సర్దుబాటు అది. మరుసటి ఏడాది ఫ్లోరిడా ఆ బాలుడి పేరుతో చట్టం చేసింది. ఫైర్ బాల్ ప్రమాదం తర్వాత ఒహాయో కూడా చనిపోయిన యువకుడి పేరుతో చట్టం చేసి, తనిఖీ ప్రమాణాలను పెంచింది. చనిపోయిన పిల్లల పేర్లతో చట్టాలు రావడం అమెరికా ఆనవాయితీ.

సాంకేతిక ప్రమాణాల విషయంలో మాత్రం ఆ దేశానిది ముందువరుస. ఏఎస్‌టీఎం సంస్థలో 1978లో ఏర్పడిన ఎఫ్24 సంఘం డిజైన్, తయారీ, నిర్వహణలకు ప్రమాణాలు రాసింది. యూరప్‌లో ఈఎన్ 13814, అంతర్జాతీయంగా 2015 నాటి ఐఎస్ఓ 17842 ఉన్నాయి. ఇవి వాటంతటవే చట్టాలు కావు. ఏదో ఒక ప్రభుత్వం తన చట్టంలో రాసుకున్నప్పుడే వాటికి కోరలొస్తాయి.

ఆస్ట్రేలియా, చైనా

2016 అక్టోబర్ 25న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని డ్రీమ్‌వరల్డ్‌లో నీళ్ల మీద తేలే తెప్పల రైడులో నలుగురు చనిపోయారు. పంపు ఆగి నీటిమట్టం పడిపోవడంతో ఒక తెప్ప పట్టాల మీద ఇరుక్కుంది, వెనక వచ్చింది దాన్ని ఢీకొని కన్వేయర్ మీద నిలువుగా లేచింది. ఆ పంపు అదే రోజు అంతకుముందు కూడా ఆగిపోయింది. ముప్ఫయ్యేళ్లుగా నడుస్తున్న ఆ రైడుకు సరైన ఇంజనీరింగ్ ప్రమాద అంచనా ఒక్కసారీ జరిగిన ఆధారం లేదని మరణాలను విచారించే అధికారి కరోనర్ 2020లో తేల్చారు. నీటిమట్టం పడిపోతే తనంతట తానే ఆగిపోయే చిన్న ఏర్పాటు కూడా లేదు. యాజమాన్య సంస్థకు 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది.

దానికన్నా ముఖ్యమైనది తర్వాత వచ్చిన నిబంధన. పెద్ద పార్కులకు లైసెన్సు తప్పనిసరి చేసి, తమ ప్రతి రైడు ఎలా విఫలం కాగలదో, దాన్ని ఎలా అడ్డుకుంటున్నారో పార్కులే ముందుగా రాసి నిరూపించుకోవాలని క్వీన్స్‌లాండ్ కోరింది. పదేళ్లకొకసారి యంత్రాన్ని విప్పి చూసే పెద్ద పరీక్షను కూడా విధించింది. లోపం ఉందని నిరూపించే భారం ఇంతకుముందు ప్రభుత్వానిది, ఇప్పుడు లోపం లేదని చూపే భారం పార్కుది.

చైనా 2013లో చేసిన ప్రత్యేక పరికరాల భద్రతా చట్టంలో పెద్ద రైడ్లను బాయిలర్లు, లిఫ్టులు, రోప్‌వేల సరసన చేర్చింది. ఒకే చట్టం, ఒకే తరహా తనిఖీదారు. ఆ వర్గీకరణ తర్కం సూటిగా ఉంది. మనుషులను మోసే బరువైన యంత్రం ఏ సరదా కోసం తిరిగినా యంత్రమే.

భారతదేశం: చాలా సంతకాలు, ఒక్క ఇంజనీరు లేడు

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 28వ అంశం మార్కెట్లు, సంతలు. 33వ అంశం క్రీడలు, వినోదాలు. కాబట్టి రైడ్ల భద్రత ప్రధానంగా రాష్ట్రాల పని. చాలా రాష్ట్రాల్లో అది పాత పోలీసు చట్టాల కిందే నడుస్తోంది. బొంబాయి రాష్ట్రపు 1951 పోలీసు చట్టం వినోద స్థలాలకు లైసెన్సులిచ్చే అధికారం పోలీసులకు ఇచ్చింది, మహారాష్ట్ర, గుజరాత్‌లు దాన్నే వారసత్వంగా పొందాయి. హైదరాబాద్‌లో 1348 ఫసలీ, అంటే నిజాం కాలపు నగర పోలీసు చట్టం ఆ అధికారాన్ని పోలీసు కమిషనర్ చేతిలో పెట్టింది. మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన ఆంధ్ర ప్రాంతంలో జనం గుమికూడే వినోద స్థలాలకు 1888 నాటి చట్టమే మూలం. జనం తొక్కిసలాట, నిప్పు, అల్లరి, అశ్లీలం వంటివి ఈ చట్టాలు రాసినవారి ఆందోళనలు. మోటారుతో తిరిగే ఉక్కు యంత్రం వారి ఊహలో లేదు.

ఆచరణలో ఎగ్జిబిషన్ పెట్టేవాడు పోలీసు, అగ్నిమాపక, విద్యుత్, రెవెన్యూ, పురపాలక లేదా పంచాయతీ కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు. ఒక్కో శాఖ తనకు సంబంధించిన ముక్కకు నిరభ్యంతర పత్రం ఇస్తుంది. విద్యుత్ అధికారి తీగలు చూస్తాడు, అగ్నిమాపక అధికారి దారులు చూస్తాడు, పోలీసు జనాన్ని చూస్తాడు. యంత్రం దృఢత్వానికి రోడ్లు, భవనాల శాఖ ఇంజనీరు సంతకమో, నిర్వాహకుడే డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రైవేటు ఇంజనీరు సర్టిఫికెటో జతపడుతుంది. వంతెనలు, భవనాలు తెలిసిన సివిల్ ఇంజనీరును తిరిగే ఇరుసు అలసట గురించి అడగడం ఆయనకూ అన్యాయమే, ఎక్కేవారికీ అన్యాయమే. ఫైలు నిండుగా ఉంటుంది. పిన్నును విప్పి చూసినవాడి పేరు మాత్రం ఆ ఫైల్లో దొరకదు.

ఇంకొక చిక్కుంది. ఊరి మైదానాన్ని ఎగ్జిబిషన్‌కు వేలం పాడి ఇచ్చేది పురపాలక సంఘమో దేవస్థానమో కళాశాలో అవుతుంది. పాట ఎంత పెరిగితే వారికి అంత రాబడి. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్మును సెలవు రోజుల సాయంత్రాల్లోనే రాబట్టుకోవాలి. అంటే జనం ఎక్కువగా ఉన్న గంటల్లో రైడును ఆపి చూసే తీరిక ఉండదు. అద్దె వసూలు చేసే సంస్థే భద్రత కూడా చూడాలంటే దాని చేయి వణుకుతుంది.

ఈ లోటు వల్ల జరిగిన ప్రమాదాలు దేశమంతటా ఉన్నాయి. 2018 మే 27న అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టె ఊడిపడి పదేళ్ల బాలిక చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. 2019 జూలై 14న అహ్మదాబాద్‌లోని కాంకరియా సరస్సు దగ్గర గడియారపు లోలకంలా ఊగే రైడు ప్రధాన కాడ విరిగి ఇద్దరు చనిపోయారు, ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అది నగరపాలక సంస్థ స్థలం. 2022 సెప్టెంబర్ 4న పంజాబ్‌లోని మొహాలీలో డ్రాప్ టవర్‌లో జనం కూర్చున్న భాగం కిందపడి నేలను గుద్దుకుని పదిమందికి పైగా గాయపడ్డారు. హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ 1938లో మొదలైన పాత సంప్రదాయం. అక్కడ 2025 జనవరిలో ఒక రైడు తలకిందులుగా ఆగిపోయి, ఎక్కినవారు చాలాసేపు గాల్లోనే వేలాడారు. ప్రాణనష్టం జరగలేదు. ఇలాంటి ఘటనల తర్వాత రైడును మూసి, నిర్వాహకుడి మీద కేసు పెట్టి, కొన్నాళ్ల పాటు అన్ని ఎగ్జిబిషన్లనూ గట్టిగా చూస్తారు. ఆ గట్టిదనం చట్టంలో పాతుకోదు, అధికారి బదిలీతో పాటే వెళ్లిపోతుంది.

శిక్ష సంగతి చూస్తే, యంత్రం విషయంలో నిర్లక్ష్యానికి పాత భారతీయ శిక్షాస్మృతి 287వ సెక్షన్ కింద గరిష్ఠంగా ఆరునెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే 304ఎ కింద రెండేళ్లు. 2024 జూలై 1 నుంచి అమలైన న్యాయ సంహిత ఈ రెండో శిక్షను అయిదేళ్ల దాకా పెంచింది. పరిహారానికి వినియోగదారుల రక్షణ చట్టం దారి ఇస్తుంది. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం ప్రమాదకర పదార్థాలకే పరిమితం, రైడ్లకు వర్తించదు.

గుజరాత్ ప్రయోగం

2024 మే 25న రాజ్‌కోట్‌లోని ఒక గేమింగ్ జోన్‌లో మంటలు చెలరేగి పిల్లలతో సహా 27 మంది చనిపోయారు. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం లేకుండానే అది నడిచింది. గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పురపాలక, రోడ్లు భవనాలు, పోలీసు శాఖల అధికారులు సస్పెండయ్యారు. సస్పెన్షన్ల జాబితాలో ఇన్ని శాఖలుండటమే చెబుతుంది: అందరికీ కొంత అధికారం ఉంది, ఎవరికీ పూర్తి బాధ్యత లేదు.

ఆ ఏడాదే గుజరాత్ రైడ్లకూ గేమింగ్ జోన్లకూ ప్రత్యేక భద్రతా నిబంధనలు తెచ్చింది. సాంకేతిక సభ్యులున్న తనిఖీ సంఘాలను నగర, జిల్లా స్థాయుల్లో పెట్టడం అందులోని కొత్తదనం. వెంటనే సెగ తగిలింది. రాజ్‌కోట్ జన్మాష్టమి లోకమేళాకు రైడ్లు తెచ్చేవారు, కొద్ది రోజుల మేళాకు కాంక్రీటు పునాది వేయమంటే ఎలాగని అభ్యంతరపెట్టారు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. తరతరాలుగా మేళాల మీదే బతికే చిన్న యజమానికి శాశ్వత పార్కు షరతు పెడితే వాడు నిబంధన లేని పక్క జిల్లాకు వెళతాడు, ప్రమాదం కూడా వాడి వెంటే వెళుతుంది. కాంక్రీటు లేకుండానే బరువును నేలమీద సమంగా పరిచే పద్ధతులు జర్మనీలో దశాబ్దాలుగా ఉన్నాయి. నిబంధన రాసేవారు యంత్రం తెలిసినవారైతే గట్టిదనం ఎక్కడ కావాలో, వెసులుబాటు ఎక్కడ ఇవ్వవచ్చో తెలుస్తుంది.

అధికారి జవాబుదారీ

తనిఖీ చేయాల్సిన అధికారి చేయకపోతే, బాధితులకు ప్రభుత్వం పరిహారం ఇవ్వాలా? రైడ్ల గురించి కాకపోయినా, దీనికి భారతదేశంలో దారి చూపే తీర్పు ఢిల్లీ ఉపహార్ సినిమాహాలు కేసుది. 1997 జూన్ 13న అక్కడ 59 మంది పొగకు ఊపిరాడక చనిపోయారు. ఢిల్లీ హైకోర్టు హాలు యజమానితో పాటు లైసెన్సిచ్చిన పోలీసులనూ నగరపాలక సంస్థనూ విద్యుత్ బోర్డునూ బాధ్యులను చేసింది. 2011లో సుప్రీంకోర్టు పోలీసులనూ నగరపాలక సంస్థనూ పరిహార భారం నుంచి తప్పించింది. దురుద్దేశం లేనంత వరకు, చట్టబద్ధ విధుల్లో లోపానికి నష్టపరిహారం మోపలేమంది. భారం 85 శాతం యజమాని మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద పడింది. సంతకం పెట్టిన ప్రతి అధికారినీ నష్టపరిహారానికి లాగితే ఎవరూ సంతకం పెట్టరన్న భయం అర్థమయ్యేదే. కానీ దాని ఫలితంగా, చూడకుండా పెట్టిన సంతకానికి శాఖాపరమైన చర్య తప్ప వేరే ఖరీదు లేకుండా పోయింది. తనిఖీ విధిని చట్టంలో స్పష్టంగా, తేదీలతో, అర్హతలతో రాయకపోతే ఈ పరిస్థితి మారదు.

ప్రమాదాల లెక్క

నియంత్రణలో అందరూ మరిచే భాగం సమాచారం. బ్రిటన్‌లో ప్రమాద స్థలం నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చిన గాయాన్ని నిర్వాహకుడు ప్రభుత్వానికి తెలపాలి. అమెరికా వినియోగదారుల వస్తు భద్రతా కమిషన్ దేశంలోని సుమారు వంద ఆసుపత్రుల అత్యవసర విభాగాల నుంచి వివరాలు తీసుకుని రైడ్ల గాయాలను అంచనా వేస్తుంది. ఫ్లోరిడాలో మినహాయింపు పొందిన పెద్ద పార్కులు సైతం తీవ్ర గాయాల నివేదికను మూడునెలలకొకసారి ఇవ్వాలి. భారతదేశంలో అనంతపురం ప్రమాదం అనంతపురం పోలీసు స్టేషన్లో ఒక కేసు, మొహాలీ ప్రమాదం మొహాలీలో ఇంకో కేసు. రెండూ ఒకే రకం లోపమైనా ఒకచోట చేరవు.

ఒహాయోలో ఫైర్ బాల్ విరిగిన కొద్ది గంటల్లోనే తయారీ కంపెనీ అలాంటి రైడ్లన్నిటినీ ఆపమని ప్రపంచంలోని యజమానులకు చెప్పింది. అమెరికాలోనూ బయటా చాలాచోట్ల వాటిని నిలిపేశారు. ఏ యంత్రం ఎక్కడుందో ఎక్కడో ఒక జాబితాలో రాసి ఉంది కాబట్టే అది సాధ్యమైంది. తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిషన్లలో తిరిగే జెయింట్ వీళ్లలో ఎన్నో స్థానిక వర్క్‌షాపుల్లో తయారైనవే, చేతులు మారుతూ రాష్ట్రాలు దాటుతూ ఉంటాయి. చాలావాటికి తయారీ సంఖ్య ఉండదు. ఒక తొట్టె ఊడిపడిన రాత్రి, అదే వర్క్‌షాపులో అదే కొలతతో చేసిన మిగతా చక్రాలు ఏ ఊళ్లో తిరుగుతున్నాయో తెలుసుకునే రిజిస్టరు ఏ కార్యాలయంలోనూ లేదు. వాహనాలకు నంబరు పలక ఇచ్చే రాష్ట్రాలు రైడ్లకు కూడా ఒక నంబరు, ఒక చరిత్ర పుస్తకం ఇవ్వగలవు. దానికి కేంద్ర చట్టం కోసం ఆగనక్కర్లేదు, రాష్ట్రాల జాబితాలోని 33వ అంశం ఆ అధికారాన్ని ఇదివరకే రాష్ట్రాల చేతికిచ్చింది.